పేలే జంట తారలు, వాటి అయస్కాంతాలు: అనంతపురంలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం చుట్టుపక్కల ఊళ్లలో మేం కొందరం అప్పుడప్పుడూ టెలిస్కోపులు పెట్టి ఆకాశం చూపిస్తుంటాం. చంద్రుడి గుంటలు, శని వలయాలు చూశాక చాలామంది ఇళ్లదారి పడతారు. "ఇంకేముంది అన్నా చూడ్డానికి?" అని నిలబడిపోయే కొద్దిమందికి పేలే జంట తారల సంగతి చెప్తాం. అక్కడి నుంచి ఇక ప్రశ్నలు ఆగవు. మళ్లీ మళ్లీ వచ్చేవాటికి జవాబులు ఇక్కడ రాసి పెట్టాం. అంకెలు చాలావరకు సుమారు లెక్కలే.

జంట తారలు పేలడమంటే ముక్కలైపోవడమా?

కాదు. పేలాక కూడా రెండూ ఉంటాయి, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూనే ఉంటాయి. ఈ జంటలో ఒకటి వైట్ డ్వార్ఫ్, అంటే సూర్యుడిలాంటి నక్షత్రం ఇంధనం అయిపోయాక మిగిలే నడిమి భాగం. బరువు దాదాపు సూర్యుడంత, సైజు మాత్రం భూమంత. రెండోది సాధారణంగా సూర్యుడికంటే చిన్నది, చల్లనిది, ఎర్రటిది. చాలా జంటల్లో ఒక చుట్టు పూర్తవడానికి గంటన్నర నుంచి పది గంటల లోపే పడుతుంది. అంత దగ్గరగా ఉండేసరికి ఎర్ర నక్షత్రం ఒకవైపు సాగిపోయి, దాని వాయువు వైట్ డ్వార్ఫ్ వైపు కారుతూ ఉంటుంది. మనకు కనబడే ఆర్భాటం అంతా ఈ కారే వాయువు వల్లే.

పేలుళ్లన్నీ ఒకటేనా?

ముఖ్యంగా రెండు రకాలు. కారిన వాయువు వైట్ డ్వార్ఫ్ చుట్టూ ఒక పళ్లెంగా చేరి, ఆ పళ్లెం ఉండుండి భగ్గుమంటే అది మరుగుజ్జు నోవా. వారాలకో నెలలకో ఒకసారి వస్తుంది, కొన్ని రోజులుండి తగ్గిపోతుంది. ఇందులో అణుశక్తి పాత్రేమీ లేదు, కిందికి పడే వాయువు ఇచ్చే శక్తే అంతా. అదే వాయువు వేల ఏళ్లు వైట్ డ్వార్ఫ్ ఉపరితలం మీద పేరుకుని, అడుగున ఒత్తిడికి హైడ్రోజన్ ఒక్కసారిగా మండితే అది అసలు నోవా. అప్పుడు పై పొర సెకనుకు వందల నుంచి వేల కిలోమీటర్ల వేగంతో ఎగిరిపోతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి సూపర్‌నోవా అంటుంటారు. సూపర్‌నోవా వేరు, అందులో నక్షత్రమే ధ్వంసమైపోతుంది.

ఇందులో అయస్కాంతం ఎక్కడి నుంచి వచ్చింది?

పాత వివరణ ఒకటుంది, లెక్క సులువు. నక్షత్రం కుంచించుకుపోతే దాని అయస్కాంత రేఖలు కూడా దగ్గరకు చేరతాయి. వ్యాసం 100వ వంతుకు తగ్గితే క్షేత్రం బలం 100 రెట్లు కాదు, 100 ఇంటూ 100, అంటే 10,000 రెట్లు పెరుగుతుంది. మొదట 1,000 గాస్ (అయస్కాంత బలానికి కొలమానం) ఉన్నది కోటి గాస్ అవుతుంది. అయితే ఇదొక్కటే చాలదనే వాదన బలంగా ఉంది. వైట్ డ్వార్ఫ్ చల్లబడుతూ లోపల గడ్డకట్టేటప్పుడు డైనమోలాగా కొత్తగా క్షేత్రం పుడుతుందని కొందరంటారు. రెండు నక్షత్రాలూ ఒకే వాయువులో మునిగి తిరిగిన దశలోనే పుట్టిందని ఇంకొందరంటారు. ఇది తేలని తగవు.

కోటి గాస్ అంటే ఎంత?

మన జిల్లాలో దిక్సూచి ముల్లును ఉత్తరానికి తిప్పే భూమి క్షేత్రం ఒక గాస్‌లో సగం కూడా ఉండదు. సూర్యుడి మచ్చల్లో 3,000 గాస్ దాకా ఉంటుంది. ఆసుపత్రుల్లో మామూలుగా వాడే ఎంఆర్ఐ మెషీన్‌లో 15,000. మేం చెప్పే జంటల్లో ఒక రకానికి, అంటే పోలార్లకు, కోటి నుంచి 20 కోట్ల గాస్ దాకా ఉంటుంది. పెద్ద సప్తర్షి మండలంలోని ఏఆర్ అనే తార ఇంకాస్త పైన, సుమారు 23 కోట్లు. ఇంటర్మీడియట్ పోలార్ అనే రెండో రకంలో అంతకంటే తక్కువ, పది లక్షల నుంచి కోటి వరకు అనుకోవచ్చు.

అంత బలమైన అయస్కాంతం ఉంటే వాయువు పడే తీరు మారుతుందా?

కథంతా అక్కడే మారుతుంది. వేడి వాయువులో విద్యుదావేశాలు ఉంటాయి కాబట్టి అది అయస్కాంత రేఖలను అడ్డంగా దాటలేదు, వాటి వెంబడే జారాలి. క్షేత్రం బలహీనంగా ఉంటే వాయువు తనకు తోచినట్టు తిరుగుతూ పళ్లెం కడుతుంది. పోలార్లలో పళ్లెం అసలు ఏర్పడదు. ఎర్ర నక్షత్రం నుంచి వచ్చిన ధార కొంత దూరం మామూలుగా పడి, ఒకచోట క్షేత్రానికి చిక్కి, అక్కడి నుంచి రేఖల వెంట వంగి నేరుగా అయస్కాంత ధ్రువం మీదే దిగుతుంది. అంతేకాదు, క్షేత్రం రెండు నక్షత్రాలనూ కట్టిపడేస్తుంది. వైట్ డ్వార్ఫ్ తన చుట్టూ తాను తిరిగే సమయం, జంట ఒక చుట్టు తిరిగే సమయం ఒకటైపోతాయి.

ఇంటర్మీడియట్ పోలార్లలో అంత పట్టు ఉండదు. బయట పళ్లెం ఉంటుంది, దాని లోపలి అంచును మాత్రం అయస్కాంతం తినేస్తుంది. అక్కడి నుంచి వాయువు రెండు తెరల్లా లేచి ధ్రువాలకు చేరుతుంది. వైట్ డ్వార్ఫ్ తన వేగంతో తాను గిరగిరా తిరుగుతుంటుంది కాబట్టి కాంతిలో ఆ లయ కనిపిస్తుంది. ఈ రకానికి పేరు తెచ్చిన డీక్యూ హెర్క్యులిస్ 1934 డిసెంబర్‌లో నోవాగా పేలింది. ఇరవై ఏళ్ల తర్వాత మెర్ల్ వాకర్ దాన్ని పరిశీలిస్తే వెలుగు 71 సెకన్లకు ఒకసారి పెరిగి తగ్గుతోంది.

మరి మనకు చేరే వెలుగు ఏ భాగం నుంచి వస్తుంది?

మాకు బాగా నచ్చే ప్రశ్న ఇది. ఒక పోలార్‌నే తీసుకుందాం, ఏఎం హెర్క్యులిస్. ఇందులో రెండు నక్షత్రాలూ 3 గంటల 6 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ధ్రువం మీదికి దిగే వాయువు వేగం సెకనుకు 5,000 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. నేలకు కొంచెం పైన ఆ వేగం ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ షాక్‌లో వాయువు 10 కోట్ల డిగ్రీలకు అటూ ఇటుగా వేడెక్కి బలమైన ఎక్స్ కిరణాలు వెదజల్లుతుంది. వాటిలో కొన్ని కిందున్న ఉపరితలాన్ని తాకి దాన్ని కాల్చేస్తాయి. ఆ కాలిన చోటు నుంచి మెత్తటి ఎక్స్ కిరణాలు, అతినీలలోహిత కాంతి వస్తాయి.

ఇక అయస్కాంతం సొంతంగా ఇప్పించే వెలుగు మరొకటుంది. షాక్‌లోని ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల చుట్టూ సుడులు తిరుగుతూ కాంతినిస్తాయి. దీన్ని సైక్లోట్రాన్ కాంతి అంటారు. ఎలక్ట్రాన్ ఎంత వేగంగా సుడి తిరగాలో క్షేత్రం బలమే నిర్ణయిస్తుంది కాబట్టి ఆ కాంతి కొన్ని నిర్దిష్టమైన తరంగదైర్ఘ్యాల దగ్గర గుట్టలు గుట్టలుగా వస్తుంది. ఏఎం హెర్క్యులిస్ క్షేత్రం సుమారు 1.4 కోట్ల గాస్. దానికి మొదటి గుట్ట 7.6 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దగ్గర, అంటే పరారుణంలో లోతుగా ఉంటుంది. రెండోది అందులో సగం దగ్గర, మూడోది మూడో వంతు దగ్గర, ఇలా పోతాయి. మన కంటికి అందే రంగుల్లో ఉండేవి పదో గుట్ట, ఆ పైవి. స్పెక్ట్రమ్‌లో రెండు గుట్టల మధ్య దూరం కొలిస్తే చాలు, కొన్ని వందల కాంతి సంవత్సరాల అవతల ఉన్న అయస్కాంతం బలం కాగితం మీద వచ్చేస్తుంది.

వీటికి తోడు కారే ధార మెరుపు, వేడికి ఎదురుగా ఉన్న ఎర్ర నక్షత్రం ముఖం. జంట తిరుగుతుంటే ధ్రువం కాసేపు మనవైపు, కాసేపు అవతలికి పోతుంది. అందుకే ఒక రాత్రిలోనే వెలుగు ఎక్కి దిగుతుంది.

అయస్కాంతం ఉందని మొదట ఎలా కనిపెట్టారు?

ఏఎం హెర్క్యులిస్ వెలుగు మారే తార అని 1923లోనే మాక్స్ వోల్ఫ్ గుర్తించాడు. ఆ తర్వాత యాభై ఏళ్లు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1970ల్లో ఉహురు ఉపగ్రహం చూసిన ఒక ఎక్స్ కిరణ మూలం ఇదేనేమో అని అనుమానం వచ్చాక అందరి చూపూ అటు తిరిగింది. 1976లో టాపియా అనే శాస్త్రవేత్త దాని కాంతి ధ్రువణం, అంటే కాంతి అలలు ఏ దిశలో ఊగుతున్నాయో, కొలిచాడు. మామూలు నక్షత్రాల కాంతిలో వృత్తాకార ధ్రువణం (ఆ ఊగే దిశ గుండ్రంగా తిరగడం) ఉందా లేదా అన్నట్టుంటుంది. ఇందులో దాదాపు పది శాతం వచ్చింది. అంత రావాలంటే కోట్ల గాస్ క్షేత్రం ఉండాల్సిందే. మరుసటి ఏడాది ఈ రకానికి పోలార్ అని పేరు పెట్టారు.

మరుగుజ్జు నోవాల్లో బలమైన అయస్కాంతం లేదంటున్నారు. మరి అవెందుకు మళ్లీ మళ్లీ వెలుగుతాయి?

వైట్ డ్వార్ఫ్‌కు బలమైన అయస్కాంతం లేకపోయినా పళ్లెంలో సన్నటి క్షేత్రం ఉంటుంది. పని చేసేది అదే. మన పల్లె చెరువును తలుచుకోండి. వంకల్లోంచి నీళ్లు నిదానంగా చేరుతుంటాయి, తూము మూసే ఉంటుంది. తూము ఎత్తితే ఒక్కసారిగా పోతాయి. ఇక్కడ తూము ఎత్తేది ఉష్ణోగ్రత. పళ్లెం చల్లగా ఉన్నప్పుడు హైడ్రోజన్ పరమాణువులు విడిపోకుండా ఉంటాయి, అయస్కాంత రేఖలకు పట్టు దొరకదు, వాయువు లోపలికి జారక పళ్లెంలోనే పేరుకుంటుంది. పేరుకున్నకొద్దీ వేడెక్కి 7,000, 8,000 డిగ్రీలు దాటగానే హైడ్రోజన్ విద్యుదావేశాలుగా విడిపోతుంది. రేఖలు వాయువును పట్టి లాగుతాయి. వేర్వేరు వేగాలతో తిరిగే పొరల మధ్య ఆ లాగుడు పెద్ద కల్లోలంగా మారి వాయువంతా లోపలికి దూకుతుంది. పళ్లెం అస్థిరత అనే ఆలోచనను ఒసాకి 1974లో ప్రతిపాదించాడు. కల్లోలానికి మూలం అయస్కాంత రేఖల లాగుడేనని 1991లో బాల్బస్, హాలీ చూపించారు. దాని వెనక ఉన్న గణితాన్ని 1960లోనే చంద్రశేఖర్ వేరే సందర్భంలో రాసి ఉన్నాడు. చంద్రశేఖర్ అనగానే వైట్ డ్వార్ఫ్ బరువుకు ఉన్న 1.4 సూర్యుల హద్దు ఒక్కటే గుర్తొస్తుంది మనకు, ఈ పని గురించి మన పుస్తకాల్లో కనబడదు.

ఎస్‌ఎస్ సిగ్ని అనే తార ఈ సిద్ధాంతానికి పెద్ద చిక్కు తెచ్చింది. 1896లో హార్వర్డ్‌లో లూయిజా వెల్స్ కనిపెట్టిన తార ఇది. ఏడెనిమిది వారాలకోసారి 12వ మాగ్నిట్యూడ్ (వెలుగు చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) నుంచి 8కి వస్తుంది, అంటే దాదాపు 40 రెట్లు. హబుల్ కొలతల ప్రకారం ఇది 520 కాంతి సంవత్సరాల దూరంలో ఉందని 1999లో చెప్పారు. అంత దూరమే నిజమైతే దాని పళ్లెం ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి, ఆరి మళ్లీ వెలగకూడదు. ఔత్సాహికులు రాత్రి రాత్రీ దాన్ని చూస్తూ "మొదలైంది" అని కబురు పెట్టడం, రేడియో టెలిస్కోపులు వెంటనే అటు తిరగడం జరిగి 2013లో కొత్త లెక్క వచ్చింది: సుమారు 370 కాంతి సంవత్సరాలు. సిద్ధాంతం నిలబడింది. ఇంట్లో టెలిస్కోప్ ఉన్నవాళ్ల వల్ల ఏమవుతుంది అనేవాళ్లకు మేం చెప్పేది ఈ కథే.

ఎర్ర నక్షత్రానికి అయస్కాంతం ఉండదా?

ఉంటుంది, పైగా గట్టిగానే. కొన్ని గంటలకోసారి తన చుట్టూ తాను తిరగాల్సి రావడంతో సూర్యుడి మీదికంటే ఎక్కువ మచ్చలు, జ్వాలలు దాని మీద ఉంటాయి. వాయువు కారే చోటికి ఒక పెద్ద మచ్చ వచ్చి నిలిస్తే ధార సన్నబడుతుందని ఒక వివరణ. పోలార్లు ఉన్నట్టుండి నెలల తరబడి మసకబారడానికి కారణం అదే కావచ్చు. ఆ మసక రోజులు పరిశోధకులకు పండగ, ఎందుకంటే అడ్డం తొలగి వైట్ డ్వార్ఫ్ నేరుగా కనిపిస్తుంది. ఇంకో సంగతి: ఎర్ర నక్షత్రం నుంచి వీచే గాలి అయస్కాంత రేఖలకు చిక్కి, జంట తిరుగుడు వేగాన్ని దొంగిలించుకుపోతుంది. అందుకే రెండూ కోట్ల ఏళ్లలో మెల్లగా దగ్గరవుతాయి.

అయస్కాంతం ఉన్నవాటిలో నోవాలు వస్తాయా?

వస్తాయి. పైన చెప్పిన డీక్యూ హెర్క్యులిస్ అదే. 1901 ఫిబ్రవరిలో ఎడిన్‌బరోలో థామస్ ఆండర్సన్ కంటితో చూసి పట్టుకున్న జీకే పెర్సియై ఇంకొకటి. ఆకాశంలో అత్యంత ప్రకాశమైన నక్షత్రాల వరసలో కొద్ది రోజులు నిలబడింది. దాని వైట్ డ్వార్ఫ్ 351 సెకన్లకు ఒకసారి తిరుగుతుంది. ఇప్పుడది సుమారు మూడేళ్లకోసారి మరుగుజ్జు నోవాలా కూడా వెలుగుతోంది. ఒకే జంటలో రెండు రకాల పేలుళ్లు, మధ్యలో అయస్కాంతం. ఒక్క తారనే ఎంచుకుని చదవాలనుకునేవాళ్లకు మేం దీన్నే చెప్తాం.

అయస్కాంతం వాయువును లోపలికి రానివ్వకుండా తోసేస్తుందా?

తోసేస్తుంది. ఏఈ అక్వేరియైలో వైట్ డ్వార్ఫ్ 33 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. అంత వేగంగా తిరిగే క్షేత్రం దగ్గరికొచ్చిన వాయువును చాలావరకు బయటికే విసిరేస్తుంది. ఏఆర్ స్కార్పియై మరీ వింత. సుమారు రెండు నిమిషాలకోసారి దాని వెలుగు కొన్ని రెట్లు పెరిగి తగ్గుతుంది. రేడియో నుంచి అతినీలలోహితం దాకా అదే లయ. ఇక్కడ పెద్దగా వాయువు పడడం కూడా లేదు, తిరిగే అయస్కాంతం పక్క నక్షత్రాన్ని కొడుతుంటే వచ్చే వెలుగది. మొదట దీనిలో తేడా గమనించింది ఔత్సాహికులే, 2016లో పరిశోధనాపత్రం వచ్చింది.

వీటి వల్ల మనకు ప్రమాదం ఉందా? జాతకాల మీద ప్రభావం?

ప్రమాదం లేదు. వీటిలో దగ్గరివే వంద కాంతి సంవత్సరాలకు పైన ఉన్నాయి, ఆ అయస్కాంతాలు మన దిక్సూచిని వెంట్రుకవాసి కూడా కదల్చలేవు. జాతకాల సంగతి, ధర్మవరం దగ్గర ఒక అవ్వ మాకంటే బాగా చెప్పింది: "యాభై రోజులకోసారి మనసు మార్చుకునేదాన్ని నమ్మి ముహూర్తం పెడతారా నాయనా?"

అనంతపురం నుంచి ఏవి కనిపిస్తాయి?

మనం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. ఉత్తరానివి, దక్షిణానివి రెండూ అందుతాయి. మిథునంలోని యు జెమినోరమ్ దాదాపు నడినెత్తికి వస్తుంది. మామూలుగా 14, పేలితే 9. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా చూడొచ్చు. ఎస్‌ఎస్ సిగ్ని 61 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, కానీ సాయంత్రాలు కనబడే ఆగస్టు, సెప్టెంబర్‌లలో మనకు మబ్బులు. నవంబర్ చివర్లో ప్రయత్నించండి, లేదా మే నెలలో తెల్లవారుజామున లేవండి. లండన్ వాళ్లకు నేలకు ఆనుకుని ఉండే ఈఎక్స్ హైడ్రే అనే ఇంటర్మీడియట్ పోలార్ మనకు 46 డిగ్రీల ఎత్తున హాయిగా కనిపిస్తుంది. దానికి 8 అంగుళాల టెలిస్కోప్ కావాలి. ఏఎం హెర్క్యులిస్‌కూ అంతే.

టి కరోనా బొరియాలిస్ గురించి వార్తల్లో విన్నాం. ఎక్కడ వెతకాలి?

స్వాతి, అభిజిత్ నక్షత్రాల మధ్య గీత గీస్తే, స్వాతికి దగ్గరగా అర్ధచంద్రాకారంలో చిన్న తారల గుంపు ఉంటుంది. అక్కడే. 1866లో, 1946లో పేలింది. 1945లో పేలుడుకు ముందు మసకబారినట్టే 2023లోనూ మసకబారడంతో 2024 నుంచి ప్రపంచమంతా కాచుక్కూర్చుంది. పదో మాగ్నిట్యూడ్‌లో ఉండేది రెండుకు, అంటే ధ్రువ నక్షత్రమంత వెలుగుకు వస్తుంది. కంటికి కనబడేది వారం లోపే. ఇది బలమైన అయస్కాంతం ఉన్న జంటగా పేరున్నది కాదు, అయినా అడగనివాళ్లు లేరు కాబట్టి రాశాం.

ఎక్కడ కూర్చుంటే మంచిది?

ఊరి దీపాలకు దూరంగా ఏ పొలమైనా సరే. మన వైపు వాన తక్కువ, అది రైతుకు శాపం, మాకు మాత్రం పనికొచ్చింది. ఇప్పుడు ఉరవకొండ, రామగిరి వైపు గుట్టల మీద గాలిమరల ఎర్ర దీపాలు వరసగా మిణుకుమంటుంటాయి, వాటికి వీపు పెట్టి కూర్చోండి. రాత్రి ఉండగలిగితే గండికోట బాగుంటుంది, శని ఆదివారాల్లో టెంట్ల దగ్గర లైట్లు, పాటలు ఉంటాయి కాబట్టి మామూలు రోజుల్లో వెళ్లండి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి అరగంట పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ చూశారా, మళ్లీ మొదటికే.

ఏం కొనాలి?

ముందు ఏమీ కొనకండి. తర్వాత 50 మిల్లీమీటర్ల బైనాక్యులర్. పేలిన ఎస్‌ఎస్ సిగ్ని దానికి చాలు.

వెలుగును అంకెల్లో ఎలా చెప్తారు?

1911లో మొదలైన అమెరికన్ చరతారల పరిశీలకుల సంఘం, ఏఏవీఎస్ఓ, ప్రతి తారకూ పటం ఉచితంగా ఇస్తుంది. పటంలో చుట్టూ ఉన్న తారల పక్కన 83, 94 అని ఉంటాయి. అవి 8.3, 9.4. చుక్క పెడితే దాన్నీ ఒక తార అనుకునే ప్రమాదం ఉందని తీసేశారు. మీ తార ఆ రెండింటి మధ్య ఎక్కడ నిలుస్తుందో చూసి 8.7 అనో 8.8 అనో రాస్తారు. ఎర్రటి తారను అదేపనిగా తేరిపార చూడకండి, చూసేకొద్దీ ప్రకాశం పెరిగినట్టు భ్రమ పడతాం. కెమెరా ఉంటే ఫొటోలోని ఆకుపచ్చ భాగం మాత్రమే కొలవండి, అది కంటి లెక్కకు దగ్గరగా ఉంటుంది.

సమయం జూలియన్ తేదీల్లో పంపాలి. ఈ తేదీ గ్రీనిచ్ మధ్యాహ్నం 12కి, మనకు సాయంత్రం ఐదున్నరకు మారుతుంది. అంటే మన రాత్రంతా ఒకే నంబరు కింద వస్తుంది. అర్ధరాత్రి తేదీ మారిందా లేదా అనే టెన్షన్ లేదు.

మన దేశంలో ఇలా చూసినవాళ్లెవరైనా ఉన్నారా?

రాధాగోబింద చంద్ర. అప్పటి మన దేశంలోని, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న జెస్సోర్‌లో ట్రెజరీ ఆఫీసు చిరుద్యోగి. 1918 జూన్‌లో గరుడ మండలంలో వెలిగిన నోవాను తనంతట తాను గుర్తించాడు. ఆ తర్వాత ఏఏవీఎస్ఓకు 37 వేలకు పైగా పరిశీలనలు పంపాడు. ఆయన పని చూసి అమెరికా నుంచి 6 అంగుళాల టెలిస్కోప్ పంపించారు. తర్వాతి కాలంలో అది హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో తండ్రి పనిచేస్తుండగా పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బాపు చేతికి వచ్చింది. పెద్ద పరికరాలంటే తమిళనాడులోని కావలూరులో 2.3 మీటర్ల టెలిస్కోప్ ఉంది, మనకు ఒక పగటి ప్రయాణం. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఎక్స్ కిరణాలనూ అతినీలలోహితాన్నీ ఒకేసారి చూసేలా తయారైంది. ఈ జంటలకు కావాల్సింది సరిగ్గా అదే. మరుగుజ్జు నోవా పేలినప్పుడు మామూలు కాంతి ముందు పెరుగుతుంది, అతినీలలోహితం కొంత ఆలస్యంగా వస్తుంది, గట్టి ఎక్స్ కిరణాలు ఎస్‌ఎస్ సిగ్నిలో మొదట కాసేపు పెరిగి ఆ తర్వాత పడిపోతాయి.

చూశాను, ఏమీ కనబడలేదు. అదీ రాయాలా?

తప్పకుండా. ఆ చుట్టుపక్కల మీకు కనిపించిన అతి మసక తార ఏదో చూసి, దాని అంకె ముందు "కంటే మసక" అనే గుర్తు పెట్టి పంపండి. రేపు ఎవరో అది వెలిగిందని చెప్తే, ఎప్పుడు మొదలైందో తేల్చేది మీ ఈ రాత్రి అంకె. చంద్రుడున్నాడా, పల్చటి మబ్బుందా, గాలికి దుమ్ము లేచిందా అన్నది పక్కనే రాయండి.